లాఘవము

పారదర్శకమైన వస్తువునకు బరువు కలదని మనస్సునకు సులభముగా తోచదు. రాతిగోడ భారము చూచినంతనే తెలియును. ఇనుపదూలమును ఎత్తుమన్నచో భుజము ముందుగానే వెనుకాడును. కాని వెలుతురును లోనికి రానిచ్చి, చూపును వెలుపలికి పోనిచ్చి, తాను అక్కడ ఉన్న సంగతినే మరపించు గాజుపలక, దానితోబాటు తన భారమును కూడ మనచేత మరపింపజేయును. ఒక చదరపు మీటరు వైశాల్యమును, నాలుగు మిల్లీమీటర్ల మందమును గల గాజు పది కిలోలు తూగునని లెక్కకట్టి చూచుకొన్నప్పుడు గాని, ఒక మోటారుకారు తన కిటికీలలో ఎంత మోయుచున్నదో మనకు తెలియదు. ఆ లెక్కను నాకు నేర్పినవాడు నా తమ్ముని కుమారుడు.

కోరుట్లలో వాని ఇంటి వెనుక ఒక రేకుల షెడ్డు కలదు. నాచుపల్లి ఇంజనీరింగు కళాశాలలో యంత్రశాస్త్రము చదివి, దూరపు నగరములో ఉద్యోగము చేయుచు, సెలవులకు ఊరు వచ్చినపుడెల్ల ఆ షెడ్డులోనే ప్రొద్దుపుచ్చు ఆ యువకుడు, పాత మారుతి 800 కారు నొకదానిని కొని, మైదానములో గుర్తులు పాతి గడియారముతో పోటీపడు పందెములకు దానిని సిద్ధపరచుచున్నాడు. 1983 డిసెంబరులో మొదటిసారిగా మన దారులమీదికి వచ్చిన ఆ చిన్న వాహనము ఆరువందల యాభై కిలోలకు దరిదాపుగా తూగును. అందులోనుండి వెనుక సీటును, కాళ్లక్రింది తివాచీని, పైకప్పు లోపలి గుడ్డను, తలుపుల లోపలి అట్టలను తొలగించిన పిమ్మట, తీయుటకు ఇంకేమి మిగిలినదా యని వెదకుచున్నవానికి కిటికీ అద్దములు కంటబడినవి. "పెద్దబాపూ, ఈ అద్దాలు తీసి ఫైబర్‌వి ఏస్తే బండి ఇంకింత అల్కగయితది. పట్టుకోని సూడుండ్రి" అని నన్ను పిలిచి, విప్పిన తలుపు అద్దమును ఒక చేతిలోను, అదే కొలతకు కోసిన ప్లాస్టిక్కు పలకను మరొక చేతిలోను పెట్టినాడు. ఆ రెండు చేతుల నడుమ భేదము ఎంత స్పష్టముగా ఉండెననగా, అది మొదలు ఏ వస్తువును తాకినను, ఇది ఇంత బరువుండుటకు హేతువేమి, ఈ బరువు ఏ పని చేయుచున్నది, అని నన్ను నేను ప్రశ్నించుకొనుట అలవాటైనది. ఈ వ్యాసము ఆ ప్రశ్నలోనుండి పుట్టినది.

మెకానిక్కులు ఫైబరద్దమని పిలుచు ఆ పలక నిజమునకు పాలీకార్బొనేట్ అను ప్లాస్టిక్కు. గాజు నీటికన్న రెండున్నర రెట్లు బరువైనది కాగా ఇది నీటికన్న అయిదవవంతు మాత్రమే ఎక్కువ బరువుండును. కావున మూడు మిల్లీమీటర్ల మందము గల పలక చదరపు మీటరుకు మూడు కిలోల ఆరువందల గ్రాములకు మించదు. చిన్నకారులో అట్టి అద్దములు రెండు చదరపు మీటర్లు ఉన్నవనుకొన్నచో, ఇరువది కిలోల గాజు పోయి ఏడు కిలోల పైచిలుకు ప్లాస్టిక్కు వచ్చును. మిగిలినది పదమూడు కిలోలలోపు. ఇంత శ్రమపడి సంపాదించునది ఇంతేనా యని సామాన్యుడు అడుగవచ్చును. కాని పందెపుకారులో ప్రతి కిలోకును మూడు పర్యాయములు సుంకము చెల్లింపవలసి యుండును: వేగము పుంజుకొనునప్పుడు ఇంజను చెల్లించును, ఆగునప్పుడు బ్రేకులు చెల్లించును, మలుపు తిరుగునప్పుడు టైర్లు చెల్లించును. అంతేకాక అద్దములు కారునందు పైభాగమున ఉండునవి; పైనున్న బరువు మలుపులో వాహనమును ప్రక్కకు ఒరగదీయును గనుక, నేలవద్ద తీసిన కిలోకన్న నెత్తిమీద తీసిన కిలో విలువైనది. పదమూడు కిలోలను పైనుండి దించుట పందెగాని దృష్టిలో గొప్ప లాభమే.

ఈ విద్య నేడు పుట్టినది కాదు. 1967లో జర్మనీలోని పోర్షె సంస్థవారు 911 ఆర్ అను పందెపుకారును నిర్మించినపుడు, రేకులకు మారుగా గాజునారతో చేసిన భాగములను, గాజునకు మారుగా ప్లాస్టిక్కు కిటికీలను అమర్చి, దాని బరువును సుమారు ఎనిమిదివందల కిలోలకు దించిరి. 1987లో వెలువడిన ఫెరారి ఎఫ్ 40 కారు అత్యంత ధనవంతులు మాత్రమే కొనదగినదయ్యు, తొలుత తయారైనవానిలో ప్రక్క అద్దములు పైకి క్రిందికి కదలునవి గాక, ముందు వెనుకలకు జరుపుకొను సామాన్యమైన ప్లాస్టిక్కు పలకలై యుండెను. అమెరికాలోని నాస్కార్ పందెములలో ముందు అద్దము సైతము పాలీకార్బొనేట్‌తో చేసి, దానిపై పలుచని పొరలను ఒకదానిమీద నొకటి అతికించి, దుమ్ముతో గీతలతో చూపు మందగించినప్పుడు పైపొరను ఊడదీసి పారవేయుదురు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర తీరమున ఫార్ములా ఈ పందెము జరిగినప్పుడు మన పిల్లలు చూచిన విద్యుద్రథములకు కిటికీలే లేవు. అద్దమును తేలికచేయు మార్గమున అది చివరి మజిలీ యని చెప్పవచ్చును.

షెడ్డులో ఆ ప్లాస్టిక్కు పలకను చేత పట్టుకొన్నప్పుడు నాకు సిరిసిల్ల గుర్తుకు వచ్చినది. అది ఊరక వచ్చిన తలపు కాదు. మానేరు ఒడ్డున సాంచెల, అనగా మరమగ్గముల, చప్పుడుతో తెల్లవారు ఆ పట్టణమున, ఆసాములును కార్మికులును రేయింబవళ్లు నేయు బట్టలో చాలభాగము పాలియెస్టరు. 2017 మొదలుకొని ప్రభుత్వమువారు నేయించిన బతుకమ్మ చీరల మూలమున ఆ సాంచెల పేరు తెలంగాణమున ఇంటింటికి తెలిసినది. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డ్, డిక్సన్ అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పాలియెస్టరు పోగును కనుగొనిరి. 1953లో జర్మనీలోని బేయర్ సంస్థయందు హెర్మన్ ష్నెల్, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థయందు డేనియల్ ఫాక్స్, ఒకరి కృషిని ఒకరు ఎరుగకయే పాలీకార్బొనేట్‌ను కనుగొనిరి. రసాయనశాస్త్రరీత్యా ఈ రెండును ఒకే వంశమునకు చెందినవి. పాలీకార్బొనేట్ కార్బానికామ్లముతో ఏర్పడిన పాలియెస్టరే. సిరిసిల్ల సాంచెమీద ఆడు పోగును, కోరుట్ల షెడ్డులో కోయబడు పలకయు దాయాదులు.

వాని బలమునకు మూలము కూడ ఒక్కటే. గాజులో అణువులు గట్టిగా బిగిసిన వలవలె ఉండి, దెబ్బ తగిలినప్పుడు జరుగుటకు ఎడము లేక, ఎక్కడనో కంటికి కానరాని ఒక గీతవద్ద పగిలి, ఆ పగులు క్షణములో ఆ చివరనుండి ఈ చివరకు పరుగెత్తును. పాలీకార్బొనేట్‌లో పొడవైన అణుశృంఖలలు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును; దెబ్బను అవి, పడుగు పేకలు లాగును పంచుకొన్నట్లుగా, నలుగురికి పంచి, సాగి, వంగి, సొట్టపడి, కాని విడివడక నిలుచును. అందుచేతనే సుత్తితో కొట్టినను ఆ పలక ముక్కలు కాదు. ఆక్రిలిక్ అను మరొక ప్లాస్టిక్కు చూచుటకు ఇంతకన్న నిర్మలముగా ఉండి, గీతలను కొంత ఎక్కువ ఓర్చుకొన్నను, గట్టిదెబ్బకు పదునైన పెంకులుగా విరుగును గనుక, మనిషి ప్రక్కన అమర్చు కిటికీలకు పాలీకార్బొనేటే యోగ్యమని పందెములవారు నిర్ణయించుకొనిరి.

ఇక పని విషయము. ఇంటివద్ద ఈ పని చేయువాడు మొదట నేర్చుకొనవలసినది తొందరపడకుండుట. విప్పిన పాత అద్దమునే మాదిరిగా పెట్టుకొని, దళసరి కాగితముపై దాని అంచును గీసి, ఆ కాగితమును కారునకు అమర్చి సరిచూచుకొని, అటుపిమ్మట గాని పలకమీద గీత గీయరాదు. పలకకు ఇరువైపుల అంటియున్న రక్షణపొరను పని ముగియువరకు తీయరాదు. సూర్యకాంతిని తట్టుకొను పూత ఏ వైపున ఉన్నదో గుర్తుంచుకొని ఆ వైపును వెలుపలికి పెట్టవలెను, లేనిచో కొన్ని వేసవులకే పలక పసుపుబారును. సన్నని పళ్ల రంపముతో కోయునపుడు పలక అదరకుండ చెక్కకు బిగింపవలెను; కోసిన అంచును ఆకురాయితోను, పిమ్మట గరుకు కాగితముతోను వ్రేలికి నున్నగా తగులువరకు రుద్దవలెను, ఏలయన అంచున మిగిలిన గోరంత గాటు ముందు ముందు పుట్టబోవు పగులునకు బీజమగును.

రంధ్రములు వేయుట ఇంకను సున్నితమైనది. వేడికి పాలీకార్బొనేట్ గాజుకన్న ఏడెనిమిది రెట్లు ఎక్కువగా వ్యాకోచించును. ఒక మీటరు పొడవుగల పలక నలుబది డిగ్రీల తేడాకు రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగునని లెక్క; గాజు పెరుగునది అర మిల్లీమీటరైనను ఉండదు. చలికాలపు తెల్లవారుజామున పది డిగ్రీలకు దిగి, రోహిణి కార్తెలో నలుబది అయిదు దాటు జగిత్యాల ప్రాంతమున, ఎండలో నిలిపిన కారు అద్దము గాలికన్న ఎక్కువగా కాగుచుండగా, ఈ తేడా పుస్తకములో అంకె మాత్రమే కాదు. అందుచేత బోల్టు మందముకన్న రంధ్రము పెద్దదిగా ఉండవలెను. నడుమ రబ్బరు వాషరు ఉండవలెను. పలక కదలుటకు వీలుండునంతవరకే బిగింపవలెను. శక్తి కొలది బిగించినవాని అద్దము మొదటి వేసవిలోనే బోల్టు చుట్టును సన్నని పగుళ్లను చూపును. బోల్టు వదులుకాకుండ వేయు జిగురుమందు సైతము ఈ ప్లాస్టిక్కునకు శత్రువు. పెట్రోలు, రంగులలో కలుపు థిన్నరు, అమ్మోనియా కలిసిన అద్దాలు తుడుచు మందులు, ఇవన్నియు దానిని లోలోపల చీల్చును. సబ్బునీరు, మెత్తని నూలుగుడ్డ, ఇంతకు మించినది దానికి తగులరాదు.

ఇంతటితో ముగియలేదు. గాజుతో పోల్చినచో ఈ పలక బిగువు ముప్పదవ వంతు మాత్రమే గనుక, వేగమున పోవునపుడు వెలుపలి గాలి దానిని లాగి ఉబ్బజేయును. పెద్ద కిటికీలకు లోపలివైపున సన్నని అల్యూమినియము పట్టీలను ఊతగా బిగింపవలెను. ఒకే దిశలో వంపు తిరిగిన కిటికీకి పలకను చల్లగానే వంచి అమర్చవచ్చును. రెండు దిశలలో వంపు గల ముందు అద్దమునకు వేడిచేసి అచ్చులో దించవలసి వచ్చును, కాని ఈ పదార్థము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది, ముందుగా గంటలకొలది ఆరబెట్టక నూటయాభై డిగ్రీలు దాటునట్లు వేడిచేసినచో లోపల బుడగలు లేచి చూపునకు పనికిరాకుండ పోవును. అది ఇంటి షెడ్డులో సాధ్యపడు పని కాదు. నా తమ్ముని కుమారుడు ఆ సంగతిని గ్రహించి, ప్రక్కలను వెనుకను మాత్రమే మార్చి, ముందు అద్దమును గాజుగానే ఉండనిచ్చినాడు. ఆ నిగ్రహమును చూచి నేను సంతోషించితిని.

ఈ పనిని దగ్గరనుండి చూచినకొలది నాకొక సత్యము బోధపడినది. ఆ గాజు బరువు వృథాబరువు కాదు. ఇన్నియేండ్లు ఎవరిని అడుగకుండ, ఎవరి మెప్పును కోరకుండ, అది గీతలను ఓర్చినది, ఎండను ఓర్చినది, పెట్రోలును ఓర్చినది, గాలి ఒత్తిడికి వంగక నిలిచినది, వెలుపలి రొదను కొంత అడ్డగించినది. గాజును తీసి ప్లాస్టిక్కును పెట్టిన క్షణముననే ఆ పనులన్నియు నిలిచిపోలేదు; వానిని చేయవలసిన బాధ్యత మనిషిమీదికి మారినది. ఇకముందు వాడు గుడ్డను చూచి తుడువవలెను, బోల్టులను పరీక్షించుచుండవలెను, నీడను వెదకి నిలుపవలెను, కొంతకాలమునకు పలకను మార్చవలెను. లోకములో ఏ భారమును ఊరక మాయము కాదు; పదార్థము దించుకొన్న దానిని శ్రద్ధ ఎత్తుకొనవలెను. లాఘవమునకు చెల్లింపవలసిన మూల్యము ఇదియే. ఈ మూల్యమును ఎరిగి చెల్లించినవానికి లాఘవము విద్య యగును. ఎరుగనివానికి అది ఎరువు తెచ్చుకొన్న అపాయము.

ఇందుకు సాక్ష్యము వెదకుచు విదేశములకు పోనక్కరలేదు. సిరిసిల్ల నేతగాడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇముడు చీరను నేసి దేశమున పేరుగాంచినాడు. ఆయన కుమారుడు నల్ల విజయ్ తండ్రి మార్గముననే మగ్గమునెక్కి, అట్టి పట్టుచీరను నేసి, 2022లో హైదరాబాదున మంత్రుల ఎదుట ప్రదర్శించినాడు. చీర కొలత తగ్గలేదు, కట్టుకొనదగిన నిండుచీరయే. తగ్గినది పోగు లావు. పోగు సన్నమైనకొలది అది తెగుటకు ఎక్కువ సిద్ధముగా నుండును. లావుపోగు సహించు మోటుచేతిని సన్నపోగు సహింపదు. తెగినచోట మరల అతుకుట, లాగు సమముగా ఉండునట్లు చూచుట, ఊపిరి బిగబట్టి పేకను దాటించుట, ఇవన్నియు పట్టులో తగ్గిన బరువునకు బదులుగా నేతగాని కన్నులు, వ్రేళ్లు, ఓర్పు మోసిన భారము. అగ్గిపెట్టెలోనికి మడచి పెట్టగలిగినది చీరను మాత్రమే. దాని వెనుకనున్న సాధన ఏ పెట్టెలోను ఇమడదు.

మూల్యము చెల్లింపని లాఘవమునకు కూడ చరిత్రలో దృష్టాంతములు లేకపోలేదు. ఇంగ్లండున లోటస్ సంస్థను స్థాపించిన కాలిన్ చాప్మన్ కారునుండి బరువును తొలగించుటయందు తన కాలమున సాటిలేని ప్రతిభాశాలి. ఆయన లోటస్ 72 కారులో బ్రేకులను చక్రములనుండి తొలగించి కారు నడిమి దేహములోనికి చేర్చి చక్రములను తేలిక చేసినాడు. కాని ఆ ఏర్పాటులో బ్రేకు వేసినప్పటి బలమంతయు బ్రేకునుండి చక్రమునకు పోవు ఇరుసుమీద పడెను. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో అభ్యాసము చేయుచుండగా ఆ ముందు ఇరుసు విరిగి జోఖెన్ రింట్ అను పందెగాని కారు అదుపుతప్పెను. దారిప్రక్కన ఇనుపకంచెను సరిగా అమర్చకపోవుటయు, రింట్ తన పట్టీలలో కాళ్లనడుమ వేయు పట్టీని ధరింపకుండుటయు తోడై ఆ యువకుడు మరణించెను. అప్పటికే ఆయన గెలుచుకొన్న పాయింట్లను మరియొకడు దాటలేకపోయినందున ఆ సంవత్సరపు ప్రపంచ విజేత బిరుదము మరణానంతరము ఆయనకే దక్కెను. ఫార్ములా వన్ చరిత్రలో అట్లు జరుగుట అది ఒక్కసారియే. చక్రమునుండి తీసిన భారము ఇరుసునకు పోయినది. ఆ ఇరుసును అంతటి జాగరూకతతో కనిపెట్టవలసి యుండినది.

మనవారు అష్టసిద్ధులలో లఘిమను లెక్కించినప్పుడు గరిమను కూడ దాని ప్రక్కనే లెక్కించిరి; తేలిక యగుట యెంత శక్తియో బరువెక్కుట అంతే శక్తి యని వారి అభిప్రాయమై యుండవలెను. జగిత్యాలకు చేరువనున్న కొండగట్టుమీద వెలసిన ఆంజనేయస్వామి ఆ అష్టసిద్ధులకు నిలయము. లంకలో ప్రవేశించునపుడు అణువై, సముద్రమును దాటునపుడు మహాకాయుడై, ఏ చోట ఏ రూపము తగునో ఎరిగినందుననే ఆయనను బుద్ధిమంతులలో శ్రేష్ఠుడని కొలుచుచున్నాము. జగిత్యాలలో పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా పద్ధతిని నక్షత్రాకారముగా కట్టిన కోటకు గరిమయే ప్రాణము. దాని రాతిని పలుచన చేయుమని ఎవడును సలహా చెప్పడు. పందెపుకారునకు లఘిమ ప్రాణము. చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఒకచోట ఒప్పిన సిద్ధిని మరొకచోటికి ఆలోచింపక తీసికొనిపోయినప్పుడు వచ్చును. అదే కొండగట్టు ఘాటుదారిలో 2018 సెప్టెంబరు 11న, మోయదగినదానికన్న ఎక్కువమందితో క్రిక్కిరిసిన బస్సు లోయలోనికి పడి అరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ దినమున ఈ ప్రాంతమున ఏడ్వని ఊరు లేదు. వాహనముయొక్క బరువు అనునది ప్రాణములతో కూడిన లెక్క యని ఆనాటినుండి మావారికి ఎవరును బోధింపనక్కరలేదు.

కావున ఇంటివద్ద తేలిక అద్దములు అమర్చుకొను యువకులు ఒక హద్దును దాటరాదని నేను గట్టిగా నమ్ముచున్నాను. పందెపుకారు నడుచు మైదానములో ఎదురు వచ్చు లారీ లేదు, దారి దాటు పిల్లలు లేరు, రాత్రివేళ వానలో కళ్లు చెదరగొట్టు దీపములు లేవు. లోపల ఇనుపగొట్టముల పంజరము, తలకు శిరస్త్రాణము, ఒంటికి బలమైన పట్టీలు ఉండును. గాజు చేసిన రక్షణకార్యమును అక్కడ ఇవి పంచుకొనును. రహదారిమీద పోవు సంసారి కారులో ఇవేవియు ఉండవు. అక్కడ ముందు అద్దము రెండు గాజుపలకల నడుమ ప్లాస్టిక్కు పొర నతికించి చేసినది. ఫ్రాన్సులో బెనెడిక్టస్ అను కళాకారుడు 1903లో తన ప్రయోగశాలలో క్రిందపడిన గాజుకుప్పె పగిలియు ముక్కలు రాలక నిలిచియుండుటను చూచి, అందులో ఎండిన పొరయే కారణమని గ్రహించి, 1909లో పేటెంటు పొందిన విద్య అది. ప్రక్క అద్దములు వేడిచేసి హఠాత్తుగా చల్లార్చినవి. పగిలినచో మొద్దుబారిన చిన్నచిన్న ముక్కలుగా రాలి, లోపల చిక్కుకొన్నవారు బయటపడుటకు దారి యిచ్చును. పాలీకార్బొనేట్ పగులని గుణము ఆ సమయమున అపకారమే యగును. కాపాడవచ్చినవాడు రాయెత్తి కొట్టినను అది దారి యియ్యదు. అందువలననే పందెములలో ఆ కిటికీలను లోపలినుండియు వెలుపలినుండియు వెంటనే ఊడదీయు ఏర్పాటు చేయుదురు. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు, 1989 లోని నూరవ నిబంధన అద్దముల సంగతిని ప్రత్యేకముగా చెప్పి, ముందు వెనుక అద్దములనుండి వెలుతురు నూటికి డెబ్బదిపాళ్లు, ప్రక్క అద్దములనుండి యాభైపాళ్లు తగ్గక ప్రసరింపవలెనని శాసించినది. గీతలుపడి మసకబారిన ప్లాస్టిక్కు పలక ఆ పరీక్షకు నిలువజాలదు. 2012లో సుప్రీంకోర్టు అద్దములపై నల్లని పొరలను నిషేధించినప్పుడు కూడ ఆధారము చేసికొన్నది ఈ నిబంధననే.

అయినను ఈ ప్లాస్టిక్కు జాతిని పందెగాండ్ర విలాసవస్తువని ఎంచువారికి నేనొక వృత్తాంతము చెప్పవలసియున్నది. విమానముల అద్దములు గాజుగా ఉన్నచో బరువగునని, 1930లలో ఆక్రిలిక్ పలకలను వాడుట ఆరంభమైనది. 1940 ఆగస్టు 15న ఇంగ్లండు ఆకాశమున జరిగిన యుద్ధములో గోర్డన్ క్లీవర్ అను వైమానికుని విమానపు పైకప్పు పగిలి, ఆ ప్లాస్టిక్కు తునకలు ఆయన కన్నులలో గ్రుచ్చుకొన్నవి. ఆయనను పరీక్షించిన హెరాల్డ్ రిడ్లీ అను నేత్రవైద్యుడు ఒక వింతను గమనించెను: కంటిలో చిన్న నలుసు పడినను సహింపని మానవనేత్రము, ఆ తునకలను ఏ వాపు లేకుండ సహించి ఊరకున్నది. ఆ పరిశీలననుండి, శుక్లము పట్టిన సహజకటకమును తీసివేసి దాని స్థానమున అదే పదార్థముతో చేసిన కటకము నుంచవచ్చునను ఆలోచన రూపుదాల్చి, 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో మొదటి శస్త్రచికిత్స జరిగెను. తోటివైద్యులు చాలకాలము ఆయనను ఆక్షేపించిరి; తుదకు లోకమంతయు ఆయన మార్గమునకు వచ్చెను.

ఆ మార్గము మన గుమ్మములవరకు వచ్చినది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదున ఆరంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ ఈ చికిత్సను పల్లెప్రజలకు చేరువ చేసిన మహాసంస్థలలో ఒకటి. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో ఆరంభమైన కంటివెలుగు కార్యక్రమములో ఊరూర శిబిరములు వెలసి, వృద్ధులు వరుసలు తీరి కళ్లు పరీక్ష చేయించుకొనిరి. సాంచెల వెలుతురులో జీవితకాలము పోగులను వెదకి వెదకి కన్నులు అలసిన సిరిసిల్ల పెద్దలును, తునికాకుపై చూపు నిలిపి బీడీలు చుట్టి సంసారములను ఈదిన కోరుట్ల, జగిత్యాల తల్లులును, శుక్లములు తీయించుకొని "కంట్ల అద్దం ఏసిండ్రు" అని చెప్పునప్పుడు, ఆ అద్దము విమానమును తేలిక చేయగోరినవారి ప్రయత్నమునుండి పుట్టిన విద్యకు వారసత్వమే. తేలిక కొరకు వెదకినది చూపునకు ఉపకరించినది. అచ్చటను మూల్యము చెల్లించినది శ్రద్ధయే: రిడ్లీ పట్టుదల, శస్త్రవైద్యుని చేతి నిలుకడ, చుక్కలమందు వేళతప్పక వేయు కోడలి ఓపిక, ఇవి లేక ఆ చిన్నకటకము చూపును తిరిగి తేజాలదు.

నాచుపల్లి కళాశాలలోను, సిరిసిల్లలో ఇటీవల వెలసిన ఇంజనీరింగు కళాశాలలోను చదువుచున్న పిల్లలకు ఈ సందర్భమున నేను చెప్పదలచినది ఒక్కటే. మీ ఇంటి షెడ్డులో పాతకారును విప్పుడు, అద్దమును దించి తూచుడు, పలకను కోయుడు, రంధ్రమును పెద్దదిగా వేయుడు, గడియారముతో పోటీపడుడు. ఆ విద్యనుండి రేపు ఏ ఉపకారము పుట్టునో ఎవరు చెప్పగలరు? కాని ఏ వస్తువునుండియైన బరువును తీయుటకు ముందు, ఇంతవరకు ఆ బరువు ఏయే పనులు చేయుచుండెనో ఒక కాగితముపై వ్రాసికొనుడు. తీసిన పిమ్మట వానిలో ప్రతి పనిని ఎవరు చేయుదురో దాని ఎదుట వ్రాయుడు. ఒక్క పనికైనను ఎదుట పేరు వ్రాయలేకపోయినచో ఆ బరువును అట్లే ఉండనిండు. పందెపు మైదానమునకు తేలిక అద్దము, తల్లిదండ్రులు తోబుట్టువులు ఎక్కు కారునకు గాజు అద్దము: ఈ భేదమును పాటించువాడే యంత్రశాస్త్రమును నిజముగా చదివినవాడు.